కొండసైకిలునకు తగిన సీటు

సైకిలు కొనుటకై అంగడికి పోయిన బాలుర మాటలు వినువారికి ఒక వింత తోచకమానదు. గేరులెన్ని యని యొకడు, డిస్కు బ్రేకులు కలవా యని వేఱొకడు, రంగు నలుపా యెఱుపా యని మఱియొకడు ప్రశ్నించుచుందురు. టైరుల మందమును వ్రేళ్లతో కొలుచువారును, ముందు ఫోర్కును నొక్కి స్ప్రింగు బలమును పరీక్షించువారును కలరు. కాని గంటల తరబడి తమ దేహభారమును మోయవలసిన సీటును గూర్చి అడుగువారు మిక్కిలి యరుదు. అది సైకిలుతో ఊరక వచ్చిన వస్తువని అందఱి తలంపు. నొప్పి పుట్టిన పిదపగాని అది జ్ఞాపకమునకు రాదు. అప్పుడును ఆ నొప్పిని పైకి చెప్పుటకు సిగ్గు అడ్డము వచ్చును. కాలు నొచ్చినచో కాలు నొచ్చినదందుము, తల నొచ్చినచో తల నొచ్చినదందుము. కూర్చుండు చోటు నొచ్చినచో మాత్రము నోరు మెదపము. ఈ మౌనము వలన చిన్నవారికి కలుగు చేటును మేము కన్నులార చూచితిమి. కావున ఈ సంవత్సరపు సంచికలో ఈ విషయమును ముచ్చటింప నెంచితిమి. పెద్దలు దీనిని అల్పవిషయమని త్రోసిపుచ్చకుందురు గాక.

మేము మదనపల్లెకు చేరువనున్న ఈ పాఠశాలయందు భౌతికశాస్త్రము బోధించువారము. మూడు సంవత్సరములుగా శనివారములందు పై తరగతుల పిల్లలతో గూడి కొండదారులలో సైకిలు తొక్కుట మాకు అలవాటైనది. మనకు పడమటి దిక్కున నాలుగువేల అడుగులకు పైబడిన యెత్తున హార్స్‌లీ కొండలు కలవు. పందొమ్మిదవ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర అచ్చటి చల్లగాలికి మెచ్చి యిల్లు కట్టించుకొనుటచే ఆ పేరు వచ్చినది. అంతకు పూర్వము జనులు ఏనుగు మల్లమ్మ కొండ యని పిలిచెడివారు, నేటికిని పిలుచుచున్నారు. ఆ కొండల అడుగున పశువుల బాటలు, రాళ్ల యేటవాలులు, వాన కాలువలు కోసిన గండ్లు లెక్కకు మిక్కిలిగా నున్నవి. సీటు మంచిచెడ్డలను అట్టి దారి బయటపెట్టినట్లు ఏ అంగడివాడును బయటపెట్టజాలడు.

కొండసైకిలు, అనగా అంగడివారు మౌంటెన్ బైకు అని పిలుచునది, చాల ప్రాచీనమైన వస్తువు కాదు. రెండు ఇంచుమించు సమానమైన చక్రములును, వెనుక చక్రమును త్రిప్పు గొలుసును గల సైకిలు రూపమును 1885వ సంవత్సరమున ఇంగ్లండులోని కవెంట్రీ నగరమునందు జాన్ కెంప్ స్టార్లీ యనునతడు రోవర్ అను పేర వెలయించెను. 1888లో డన్‌లప్ గాలి టైరునకు పేటెంటు పొందెను. బర్మింగ్‌హాము నగరమున 1866లో తోలుసామానుల వ్యాపారము నారంభించిన జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ అనునతడు గుఱ్ఱపు జీనులు కుట్టు నేర్పును సైకిలునకు మరల్చి 1882లో సీటునకు పేటెంటు సంపాదించెను. ఇట్లు సైకిలు సీటు గుఱ్ఱపు జీనునకు చెల్లెలు. ఆంగ్లమున రెండింటికిని నేటికి నొకటే పేరు.

అటుపై సుమారు తొంబది యేండ్లకు, 1970 దశకమున, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మెరిన్ మండలపు కొండలలో కొందఱు యువకులు పాతకాలపు బరువు సైకిళ్లను మీదికి చేర్చి మట్టిదారిని క్రిందికి దిగుట వినోదముగా పెట్టుకొనిరి. ఒక దారిలో దిగునప్పుడు వెనుక చక్రపు బ్రేకు వేడెక్కి లోని గ్రీజు పొగయై పోయెడిది. దిగిన ప్రతిసారియు మరల గ్రీజు కూరవలసి వచ్చుటచే ఆ దారికి రీప్యాక్ అను పేరు వచ్చెను. అచ్చట 1976 అక్టోబరు 21న మొదటి పందెము జరిగెను. 1977లో జో బ్రీజ్ అను యువకుడు ఈ పనికే యుద్దేశించి క్రొత్త చట్రమును చేసెను. 1981లో స్టంప్‌జంపర్ అను కొండసైకిలు పెద్దయెత్తున తయారై అంగళ్లకు వచ్చెను. 1996లో అట్లాంటా నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో కొండసైకిలు పందెమునకు చోటు దొరకెను. ఆటకత్తెలు, పందెగాండ్రు పోయిన దారినే నేడు మన పల్లెల పిల్లలును బడికి వచ్చుటకు ఈ సైకిలునే కోరుచున్నారు. మందపు టైరులును, గట్టి చట్రమును మన రాళ్లదారులకు తగియున్నవి గదా!

ఇక సీటు మాట. చదునైన రోడ్డుమీద పోవు సైకిలునకు కావలసిన సీటు వేఱు, కొండసైకిలునకు కావలసిన సీటు వేఱు. రోడ్డుమీద మనము ఒకే తీరున కూర్చుందుము. కొండదారిలో మూడు తీరులు కలవు. ఎక్కునప్పుడు ముందు చక్రము నేల విడువకుండుటకై సీటు కొనవైపునకు జరిగి వంగి తొక్కుదుము. చదునైన చోట వెడల్పైన వెనుక భాగమున కుదురుగా కూర్చుందుము. దిగునప్పుడు సీటు మీది నుండి లేచి, పెడళ్లపై నిలిచి, దేహమును సీటునకు వెనుకగా సాచుదుము. కావున కొన మఱీ మొనదేలి గట్టిగా నున్నచో ఎక్కునప్పుడు బాధ. వెనుక భాగము మఱీ వెడల్పైనచో దిగునప్పుడు నిక్కరు తగులుకొని ప్రమాదము. పక్కల అంచులు గుండ్రముగాను, పై తొడుగు గట్టిగాను ఉండవలయును. ఏలయనగా కొండదారిలో సైకిలు పడుట సామాన్యము, పడినప్పుడు ముందుగా నేలను రాచుకొనునవి హ్యాండిలు కొనలును సీటు అంచులును.

ఇప్పుడు దేహనిర్మాణమును కొంచెము విచారింతము. మన కటి భాగపు ఎముకల యడుగున ఇరుప్రక్కల రెండు గుబ్బలు కలవు. గట్టి పీటమీద కూర్చుండి అరచేతులను క్రింద నుంచినచో అవి చేతికి తగులును. కూర్చుండునప్పుడు భారము మోయుటకు సృష్టియందేర్పడిన స్తంభములు అవియే. ఆ రెండింటి నడుమ నున్న మెత్తని చోట నరములును రక్తనాళములును పోవుచున్నవి. అది భారము మోయుటకు ఏర్పడిన చోటు కాదు. మంచి సీటనగా ఆ రెండు ఎముకలకు ఆనికయై నడిమి మెత్తని చోటును విడిచిపెట్టునది. సీటును గూర్చిన శాస్త్రమంతయు ఈ యొక్క వాక్యమున నిమిడియున్నది.

ఎనిమిదవ తరగతి పిల్లలకు పీడనమను పాఠము చెప్పునప్పుడు, బలము ఎంతయనుట చాలదు, అది ఎంత వైశాల్యముపై పడుచున్నదో చూడవలెనని బోధింతుము. సీటు విషయమున ఆ పాఠమునకు ఇంకొక మాట చేర్చవలసియున్నది: ఆ బలము ఏ చోట పడుచున్నదో కూడ చూడవలెను. మెత్తనిదే సుఖమని లోకము నమ్మును. కాని మిక్కిలి మెత్తని సీటుమీద ఎముకలు లోనికి దిగబడును. అవి దిగబడిన కొలదిని నడిమి భాగము పైకి ఉబికి, తగులరాని చోట తగులును. నీళ్లబిందెను తలకెత్తుకొను మన తల్లులు దిండును తలపై పెట్టుకొనరు. గుడ్డను చుట్టి చుట్టకుదురు చేసికొందురు. దాని అంచు భారమును మోయును, నడుమ ఖాళీగా నుండును. నేటి సీటులలో నడుమ గాడి తీసినవియు, రంధ్రము విడిచినవియు కలవు. అవి చుట్టకుదురు ధర్మమునే పాటించుచున్నవని మా తలంపు.

తిమ్మిరి యను దానిని మన పిల్లలు నవ్వులాటగా నెంచుదురు. అది తగదు. నరముపై ఒత్తుడు పడుచున్నదని దేహము పంపు సమాచారమే తిమ్మిరి. అమెరికాలో సైకిళ్లపై గస్తీ తిరుగు పోలీసువారిని ఆ దేశపు వృత్తి భద్రతారోగ్య పరిశోధనా సంస్థవారు పరీక్షించి 2008లో ఫలితములను ప్రకటించిరి. ముందు కొన లేని సీటును ఆఱు నెలలు వాడినవారిలో తిమ్మిరి చాలవఱకు తగ్గెనని తేలినది. ఊరి వీధులలో తిరుగువారికి అట్టి సీటు మేలే. కొండదారిలో మాత్రము తొడల నడుమ నున్న ఆ కొన సైకిలును అదుపులో నుంచుటకు తోడ్పడును. కావున మనము కొనను విడువక, తగిన వెడల్పును, తగిన వాలును వెదకుకొనవలసియున్నది.

మేము గత సంవత్సరము తోటి ఉపాధ్యాయుల సైకిళ్ల నుండి మూడు సీటులను ఎరవు తెచ్చి, ఒక్కొక్కదానిని రెండేసి వారములు మా సైకిలునకే బిగించి, కొండ యడుగున తొమ్మిది కిలోమీటరుల దారిని ఒకటే తీరున తిరిగితిమి. మొదటిది 180 మిల్లీమీటరుల వెడల్పు గల మెత్తని జెల్ సీటు. దానిపై మొదటి పావుగంట సింహాసనము వలె నుండెను. అరగంటకు తొడల లోపలి ప్రక్కలు రాచుకొనసాగెను. గంటకు తిమ్మిరి పుట్టెను. దిగుడులో వెనుకకు జరుగుటకు దాని వెడల్పు అడ్డమయ్యెను. రెండవది 130 మిల్లీమీటరుల పందెపు సీటు. ఎక్కుటకు అది మిక్కిలి యనుకూలము. కాని చదునైన చోట మా ఎముకలు దాని అంచులకు చేరి, ప్రతి రాయిని లెక్కపెట్టి చెప్పుచుండెను. మూడవది 143 మిల్లీమీటరుల సీటు; పలుచని మెత్త, నడుమ చిన్న గాడి. మొదటి మూడు దినములు దానిమీదను నొప్పి యుండెను. రెండవ వారమునకు మాకు సీటు జ్ఞాపకము రాక, దారియు, దారి ప్రక్క పిట్టలును మాత్రమే జ్ఞాపకము వచ్చెను. అదియే మంచి సీటునకు గుర్తు.

కాని మాకు కుదిరినది గనుక అందఱును 143 కొనవలెనని చెప్పుట మా యుద్దేశము కాదు. ఒకరి సీటు మఱియొకరికి శిక్ష కావచ్చును. పెద్దవారిలో ఆ రెండు ఎముకల నడిమి దూరము సామాన్యముగా 100 మొదలు 150 మిల్లీమీటరుల వఱకు నుండును. లావుపాటివారికి ఎక్కువ, బక్కపలుచనివారికి తక్కువ అనుకొనుట సరికాదు. ఎముక కొలత దేహపు లావుతో పోదు. స్త్రీలలో ఈ దూరము సగటున పురుషుల కంటె కొంచెము ఎక్కువ. కావున కొలుచుకొనవలసినదే గాని ఊహింపరాదు.

ఈ కొలత యొక విద్యార్థినికి చేసిన మేలును చెప్పుటకే ఇంత దూరము వచ్చితిమి. ఆమె తల్లిదండ్రుల యనుమతితోనే వ్రాయుచున్నాము. పేరు మాత్రము వ్రాయము. ఆ బాలిక అప్పుడు తొమ్మిదవ తరగతి. ఆమె ఊరు కొండవాలున, పాఠశాలకు ఎనిమిది కిలోమీటరుల దూరమున నున్నది. బడివేళకు అందు బస్సు లేదు. బెంగుళూరులో పనిచేయు ఆమె మేనమామ తాను వాడిన కొండసైకిలును మేనగోడలికి ఇచ్చెను. రెండు నెలలు ఆమె ఉత్సాహముగా వచ్చెను. తరువాత ఆలస్యముగా వచ్చుట మొదలు పెట్టెను. తరగతిలో బల్లమీద కూర్చుండక, కిటికీ కడ నిలుచుండి పాఠము వినుటకు సెలవడుగుచుండెను. తరగతి ఉపాధ్యాయినిగారు దీనిని గమనించి, ఒకనాడు మధ్యాహ్నము ఆమెను ఏకాంతముగా పిలిచి చల్లగా అడిగిరి. ఆ బాలిక చాలసేపు ఏడ్చి, అప్పుడు గాని చెప్పలేదు. సీటు ఒరిపిడికి పుండు పడినది. దారిలో సగము దూరము సైకిలును నడిపించుకొనుచు వచ్చుచున్నది. తల్లికి సైతము చెప్పలేదు. ఇంటియందు తండ్రి, బడికి పోవుట ఇష్టము లేకయే ఈ సాకులని తలంచి, పరీక్షలు కాగానే టమాటా తోటలలో కోతకు తోడ్కొనిపోవుటకు నిశ్చయించెను.

మఱునాడు ఆ తల్లి పాఠశాలకు వచ్చెను. ఉపాధ్యాయినిగారు సంగతి యంతయు తెలిపిరి. ఆమె మా వంక తిరిగి, "అయ్యవారూ! బిడ్డ చదువు మానుతానని అనలేదు, సైకిలు ఎక్కనని మాత్రమే అన్నది. మేము రెండును ఒకటే అనుకొంటిమి," అనెను. ఎద్దు పుండు కాకికి ముద్దని మన పెద్దలందురు. ఇచ్చట కాకి యెవరును లేరు, అందఱును ప్రేమించువారే. ఐనను పుండు మాట తెలియక చదువు మాటయే చెడబోయెను.

మొదట ఆమెను ఆసుపత్రిలో చూపించి, పుండు మానువఱకు సైకిలు ఎక్కనీయలేదు. పది దినములు ఆమె ఉపాధ్యాయినిగారి యింటనే యుండి బడికి వచ్చెను. పిదప కొలత తీసితిమి. ఆ విధానము ఎవరింటనైనను చేసికొనదగినది గనుక వివరించుచున్నాము. సరకులు వచ్చు పెట్టెల ముడుతల అట్టను ఒక ముక్క కోసి గట్టి చెక్కబల్లపై పఱచవలెను. దానిపై కూర్చుండి, ముందునకు కొంచెము వంగి, పాదములను మడమలెత్తి కొంత పైకి ఉంచవలెను. అరనిమిషము తరువాత లేచి చూచినచో అట్టపై రెండు గుంటలు కనబడును. గుంటలు స్పష్టముగా లేనిచో సుద్దముక్కను అడ్డముగా పెట్టి రుద్దినయెడల, గుంటలు తెలుపు పట్టక మిగిలిపోవును. ఒక గుంట నడిమి నుండి రెండవ గుంట నడిమికి కొలిచి, ఆ సంఖ్యకు 20 మొదలు 25 మిల్లీమీటరులు కలుపవలెను. వంగి తొక్కువారు తక్కువ కలుపుకొనవచ్చును; నిటారుగా కూర్చుండువారు మఱికొంత ఎక్కువ కలుపుకొనవలెను. ఆ మొత్తమే వెదకవలసిన సీటు వెడల్పు. నేడు మంచి సీటులు చేయువారు ఒకే రకమును రెండు మూడు వెడల్పులలో అమ్ముచున్నారు. ఆ సంఖ్య సీటు అడుగుననో పెట్టెమీదనో ముద్రింపబడియుండును.

ఉపాధ్యాయినిగారి గదిలో ఆ బాలికకు తీసిన కొలత 127 మిల్లీమీటరులు. మేనమామగారి సైకిలుపై నున్న సీటు వెడల్పు 132. ఎముకలు రెండును దాని అంచులకు చేరుచుండుటచే భారమంతయు నడుమ పడుచుండెను. పట్టణములోని ఒక సైకిలు మేస్త్రీ వద్ద, క్రొత్త సీటులు వేయించుకొన్నవారు విడిచిన పాత సీటులు ఒక బుట్టెడు ఉండెను. అందు 150 మిల్లీమీటరులది, నడుమ గాడి గలది, తొడుగు చిరుగనిది ఒకటి దొరకెను. వెల మూడువందల రూపాయలు. మేము సంచి విప్పబోవ తల్లి వారించి, "బిడ్డ కూర్చునే పీటకు తల్లి ఇవ్వరాదా?" అని కొంగుముడి విప్పి తానే చెల్లించెను.

సీటు దొరకినంతమాత్రమున పని ముగియదు. దానిని అమర్చుటయందు సగము సుఖము కలదు. మొదట ఎత్తు. పెడలును అడుగునకు తెచ్చి మడమను దానిపై నుంచినచో మోకాలు చక్కగా చాగియుండవలెను. అప్పుడు పాదపు ముందు భాగముతో తొక్కునప్పుడు మోకాలు కొంచెము వంగియుండును. సీటు ఇంతకంటె ఎత్తైనచో ప్రతి త్రొక్కుడునకును నడుము ఇటునటు ఊగి ఒరిపిడి పుట్టును. ఆ బాలిక సైకిలు మేనమామ కాలికి తగినట్లు రెండంగుళములు హెచ్చుగా నుండెను. పుండునకు ఇదియు నొక కారణము. సీటు పైపును పైకి లాగవలసినవారు దానిపై చెక్కియున్న హద్దుగీత బయటపడకుండ చూచుకొనవలెను. గీత దాటినచో పైపు విఱుగవచ్చును.

రెండవది వాలు. తాపీమేస్త్రీల రసమట్టమును సీటుపై నిలువునను పెట్టి, మొదట సమముగా అమర్చవలెను. కొన పైకి లేచినచో నడుమ ఒత్తును. మిక్కిలి క్రిందికి వంగినచో దేహము ముందునకు జాఱి అరచేతులు తిమ్మిరెక్కును. కొండలెక్కువారు కొనను ఒకటి రెండు డిగ్రీలు దించుకొనుట కలదు. మూడవది ముందువెనుకలు. పెడలు కడ్డీలను నేలకు సమముగా నుంచి, ముందు కాలి మోకాలిచిప్ప దిగువ నుండి రాయి కట్టిన దారమును వ్రేలాడదీసినచో అది పెడలు ఇరుసు మీదుగా పోవలెను. ఇది ఆరంభమునకు చాలిన గుఱి. సీటు క్రింది రెండు కమ్ములను పట్టియున్న బిగింపును వదలుచేసి సీటును కొలదిగా జరుపవచ్చును. ఒకనాడు ఒక్క మార్పే చేయవలెను. మార్చిన చోట పెన్సిలుతో గుఱుతు పెట్టవలెను. రెండు మార్పులు కలిపి చేసినచో మేలు దేనివలన కలిగినదో తెలియదు. ప్రయోగశాలలో మేము మొదటి దినము చెప్పు పాఠమే యిది.

ఆ బాలిక అలెన్ కీ పట్టుట నేర్చుకొని, కొనను తానే వెంట్రుకవాసి దించుకొని, రెండు దినములకు మరల కొంత ఎత్తుకొనెను. మూడవ వారమునుండి ఆమె మొదటి గంటకు ముందే వచ్చుచుండెను. కిటికీ కడ నిలుచుండుట మానెను. తండ్రి తోటపని మాట మరల ఎత్తలేదు. ఈ సంవత్సరము ఆమె పదవ తరగతి పరీక్షలకు చదువుచున్నది. శనివారపు ప్రయాణములలో ఎక్కుడున ఆమెను అందుకొనుట మాకును, మా తోడి పెద్ద బాలురకును కష్టమగుచున్నది.

ఇంకను కొన్ని మాటలు చెప్పి విరమింతము. క్రొత్త సీటునకు దేహము అలవాటుపడుటకు కొన్ని దినములు పట్టును. మొదటి దినములలో ఎముకల కడ తోచు నొప్పి క్రమముగా తగ్గును. కాని నడిమి చోట నొప్పియు, తిమ్మిరియు, పుండును అలవాటు కావు, కారాదు. అవి కనబడినచో ఆగి సీటు మార్చవలెను, తగ్గనిచో వైద్యునకు చూపవలెను. సీటుపై మెత్తని తొడుగు వేసినంత మాత్రమున వెడల్పు తప్పిన సీటు మంచిది కాదు. దూరప్రయాణములకు లోపల మెత్త కుట్టిన సైకిలు నిక్కరు తొడుగుట మేలు. మడతలు, లావు కుట్లు గల గుడ్డలు తొడల నడుమ నుండరాదు. పది నిమిషముల కొకసారి పెడళ్లపై లేచి నిలిచినచో రక్తము చక్కగా ప్రసరించును. గతుకులు వచ్చినప్పుడు సీటుపై బరువు విడిచి మోకాళ్లను స్ప్రింగులుగా చేసికొనవలెను. తోలు సీటు గలవారు దానిని వానలో నాననీయక, అప్పుడప్పుడు తోలునకు పట్టించు మైనము రాయుచుండవలెను. బాగుగా సాగి అలవాటైన తోలు సీటు యజమాని దేహమునకు తగిన రూపమును పొందును. పెరుగు పిల్లలకు కొలతలు మాఱుచుండును గనుక ప్రతి సంవత్సరము బడి తెఱచినప్పుడు ఎత్తును, వెడల్పును మరల చూచుకొనవలెను.

తలిదండ్రులకు మా మనవి యొక్కటి. పిల్లలు సైకిలు ఎక్కుటకు వెనుదీసినచో సోమరితనమని వెంటనే తీర్మానింపకుడు. ఎచ్చట నొచ్చుచున్నదో, ఎప్పటినుండి నొచ్చుచున్నదో నెమ్మదిగా అడుగుడు. ఆడపిల్లలను తల్లులు అడుగుడు. మగపిల్లలును ఈ విషయమున తక్కువ సిగ్గరులు కారని మా యనుభవము. బాలబాలికలారా! మీరును చెప్పుకొనుటకు జంకకుడు. మా పనిముట్ల గదిలో నేడు మూడు వెడల్పుల సీటులు, ఒక రసమట్టము, అట్టముక్కలు, సుద్ద, కొలబద్ద ఒక పెట్టెయందు ఉంచబడినవి. బాలికలకు ఉపాధ్యాయినిగారును, బాలురకు మేమును శుక్రవారము సాయంకాలము నాలుగు గంటల నుండి సిద్ధముగా నుందుము. సీటును ఇంటికి గొనిపోయి రెండు వారములు తొక్కి చూచి, కుదిరినచో అట్టిదే కొనుక్కొని దీనిని తిరిగి తెచ్చి యీయవచ్చును. రుసుము లేదు. వచ్చునప్పుడు సైకిలును కూడ తోడ్కొని రండు.